సూరమ్మ పెట్టెకి వచ్చిన దొంగలు

పరదేశికి ఆ పేరు అనుమానం కొద్దీ పెట్టిందే. అతనికి ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారు. ఈ మూడోవాడు తమవాడేనని తెలిస్తే యముడు మళ్లీ వస్తాడేమోనని తల్లికి భయం పట్టుకుంది. బిడ్డను చేటలో పడుకోబెట్టి, గుప్పెడు తవుడుకి పొరుగింటావిడకు అమ్మేసి, మళ్లీ అదే తవుడిచ్చి కొనుక్కుని, వీడు మా బిడ్డ కాదు ఎవరో పరదేశి అని పేటంతా చాటింది. యముడు నమ్మాడో లేదో గాని పిల్లవాడు మాత్రం బతికాడు. పుట్టినప్పుడు అంటుకున్న ఆ అనుమానం ఇక అతన్ని వదల్లేదు.

తండ్రి ఇచ్ఛాపురం దగ్గరి పల్లె నుంచి రైల్వే ఖలాసీగా రాయ్‌పూర్ వచ్చినవాడు. పరదేశి నాలుగు అక్షరాలు నేర్చి టికెట్ కలెక్టరయ్యాడు. నల్లకోటు తొడుక్కుని స్టేషన్ గేటు దగ్గర నిలబడ్డాడంటే సొంత మేనమామ వచ్చినా ముందు టికెట్ కోసం చెయ్యి చాపేవాడు, ఆ తర్వాతే నమస్కారం. మేనమామ పోయేదాకా ఆ సంగతి మరిచిపోలేదు. పరదేశి దగ్గర ఒక సూత్రం ఉండేది. గేటు దగ్గర గొడవ జరుగుతోందంటే అక్కడ దొంగ దొరికినట్టు. గొడవ లేదంటే దొంగ లేనట్టు. నౌకరీ మొత్తం దీని మీదే నడిపించాడు. గొడవ పడకుండా నవ్వుతూ దాటిపోయినవాళ్ల గురించి అతనికి ఒక్కనాడూ ఆలోచన రాలేదు.

నల్లకోటు గేటు దగ్గర విప్పి ఇంటికొచ్చే మనిషి కాదు. పాలవాడు పోసిన పాలలో వేలు ముంచి చూసేవాడు. గ్యాస్ బండ వస్తే కావలించుకుని ఎత్తి చూసేవాడు. తాళం వేసి వీధి చివరి దాకా నడిచి, వెనక్కి వచ్చి లాగి చూసి మళ్లీ వెళ్లేవాడు. భార్య సూరమ్మ గుఢియారీ బజారుకి వెళ్లొస్తే ఏ దుకాణం, ఎవరు కనిపించారు, ఎందుకింత ఆలస్యమని ఆరా తీసేవాడు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె ఏడ్చింది. తర్వాత అడగకముందే చెప్పడం అలవాటు చేసుకుంది. ఆ మొగుడికి ఎప్పుడూ ఒక టికెట్ చూపిస్తూ ఉండాలి, అంతే.

రిటైరయ్యాక ఊరి బయట ధర్సీవా దారిలో, వీరేంద్ర అనే రైతు పొలం పక్కనే చిన్న ఇల్లు కట్టుకున్నారు. సూరమ్మ మహిళా సంఘంలో చేరి తేనెటీగల పెంపకం నేర్చుకుంది. శిక్షణ అయ్యాక ఆమె చేతికి రెండు చెక్క పెట్టెలొచ్చాయి. ఈగలు దిట్టంగా ఉన్న పెట్టెను చూసి, ఇది నాది అన్నాడు పరదేశి. బక్కది సూరమ్మకి మిగిలింది. అతని పెట్టె ఇంటి ముందు జామచెట్టు కింద, ఆమెది పెరట్లో మునగచెట్టు కింద. మనుషులు కూడా అలాగే, అతను కుర్చీ వేసుకుని ముందు, ఆమె పీట వేసుకుని వెనక.

తేనెపెట్టె గుమ్మాన్ని చూసిన రోజున పరదేశికి పోయిన ఉద్యోగం తిరిగొచ్చినట్టయింది. వేలెడు వెడల్పు సందు, దాని ముందు దిగడానికి ఒక చెక్క. చెక్క మీద కాపలా ఈగలు ముందుకాళ్లు ఎత్తి నిలబడి, వచ్చిన ప్రతి ఈగనీ మీసాలతో తడిమి వాసన చూసి లోపలికి పంపుతున్నాయి. పరాయిదైతే కాలు పట్టి ఈడ్చి కింద పడేస్తున్నాయి. "ఇయ్యీ టీసీలేనే" అన్నాడు సూరమ్మతో. జన్మలో అంత సంతోషంగా అతను ఇంకెవరి గురించీ మాట్లాడలేదు.

ఆ ఏడు దసరా వెళ్లి, దీపావళి ఇంకా రాని రోజులు. వానలు వెనక్కి తగ్గాయి. వీరేంద్ర పొలంలో రాంతిల్ చేను మొగ్గ మీద ఉంది. మనవైపు వెర్రినువ్వులంటారు దాన్ని. అది పూసిందంటే పొలమంతా పసుపు ఆరబోసినట్టుంటుంది, ఈగలకి ఏడాదంతటికీ అదే పెద్ద పండగ. పూయకముందు మాత్రం ఆ చుట్టుపక్కల ఎక్కడా పిడికెడు పువ్వు దొరకదు. ఈగలకి అది ఆకలి కాలం. ఆకలి కాలంలో దొంగతనాలు ఎక్కువని స్టేషన్లో పనిచేసినవాడికి ఒకరు చెప్పాలా.

సరిగ్గా అప్పుడే యుగంధర్ అనే కుర్రవాడు ఒక బండి నిండా పెట్టెలు తెచ్చి వీరేంద్ర పొలం అవతలి గట్టున వరసగా దించాడు. వాళ్ల నాన్న వరంగల్ వైపు నుంచి ఫ్యాక్టరీ పనికి వచ్చినవాడు. యుగంధర్ కూడా అక్కడే చేసి, ఆ పని పోయాక తేనెటీగల్ని నమ్ముకున్నాడు. వానాకాలమంతా పంచదార పాకం పోసి వాటిని బతికించుకొచ్చాడు, ఈ రాంతిల్ పూత కోసమే. పూత తప్పిపోతే ఆ ఏడు అతనికి తినడానికి లేదు. ఈ మాట వచ్చిన రోజే పరదేశితో చెప్పుకున్నాడు, తెలుగువాడు కదా అని. పరదేశి విన్నాడు. విని, తిండి లేనివాడు ఏమైనా చేస్తాడు అని మనసులో రాసుకున్నాడు.

నాలుగు రోజులు గడిచాయో లేదో సూరమ్మ పెట్టె దగ్గర రద్దీ పెరిగింది. తెల్లారీ తెల్లారకముందే ఈగలు వస్తున్నాయి, పొద్దు గూకినా పోతున్నాయి. గొడవ లేదు, తోపులాట లేదు. పరదేశి పెట్టె దగ్గర మాత్రం రోజూ ఏదో ఒక కుస్తీ నడుస్తోంది. కాపలా ఈగలు ఎవర్నో ఒకర్ని పట్టుకుని కిందామీదా పడుతున్నాయి.

"సూడు, నా టీసీలు దొంగల్ని ఎలగ పడతన్నారో. నీ పెట్టి కాడ అందరూ ఇంటోలే. దానికేటి, బాగానే పుంజుకుంది" అన్నాడు పరదేశి. భార్య పెట్టెను మెచ్చుకోవడం అదే మొదలు.

సూరమ్మ పీట మీంచి లేవలేదు. "బాగుంటే మంచిదే గానీ, ఒక్కదాని కాళ్లకీ పుప్పొడి లేదేటయ్యా? ఒట్టి కాళ్లతో లోనకెల్తన్నాయి. బయటికొచ్చినప్పుడేమో పొట్టలు బరువై ఎగరలేక పెట్టి గోడెక్కి మరీ ఎగురుతన్నాయి. పనికెల్లే ఈగ ఖాళీగా ఎల్లి బరువుతో రావాల గదా. ఇది ఉల్టా ఉంది."

"నీకు మంచి జరిగినా శక్కే" అన్నాడు పరదేశి. అనుమానమనే ఆ మాట అతని నోటి నుంచి వచ్చినందుకు సూరమ్మ నవ్వుకుంది గాని పైకి నవ్వలేదు.

రెండు రోజులకి ఆమె పెట్టెను ఒక పక్క నుంచి కొంచెం ఎత్తి చూసింది. ఉత్త చెక్కలా తేలిగ్గా లేచింది. గుమ్మం ముందు చెక్క మీద మైనం పొట్టు రాలి ఉంది. మూతవేసి దాచుకున్న తేనె అరల్ని ఎవరో చింపుకు తింటే రాలే పొట్టు అది. మూత తీసి చూస్తే సగం అరలు ఖాళీ. రాణి ఈగ, దాని చుట్టూ కొన్ని పిల్ల ఈగలు, అంతే. మిగతావన్నీ లోపలికి వచ్చి మోసుకుపోతున్న పరాయివే. కాపలా కాసేవి ఓడిపోయి ఎప్పుడో పక్కకి తప్పుకున్నాయి. గొడవ లేకపోవడానికి కారణం అదీ. చలి ముదిరేలోగా ఆ పెట్టె చచ్చిపోవడం ఖాయం.

పరదేశి ఒంట్లో పాత రక్తం పొంగింది. దొంగతనం జరిగింది, అదీ తన ఇంటి పెరట్లో, తన కళ్ల ముందే. ఎవరిదా పని అని ఆలోచించడానికి అతనికి క్షణం కూడా పట్టలేదు. చెప్పులేసుకుని గట్టు దాటి యుగంధర్ ముందు నిలబడ్డాడు.

"నీ ఈగలు మా ఇంటిదాని పెట్టిని దోచేసినాయిరా."

యుగంధర్ చేతిలో పని ఆపాడు. అతనికి కోపం వచ్చింది గాని పెద్దవాడని మింగాడు. "నావే అని ఎట్ల తెల్సింది కాకా? ఈగల మీద పేర్లు రాసి ఉండయి గదా. ఒక పని జెయ్యి. దోచుకొని బయటికొచ్చే వాటి మీద జరంత పిండి జల్లు. తెల్లగైతయి. యాడికి పోతయో సూడు. నా పెట్టెల కాడికొస్తే ఇయ్యాల్నే సామాను ఎత్తుకొని పోతా."

ఈ మాటలో తప్పేమీ లేదు. కానీ పరదేశికి అదే తప్పనిపించింది. అడక్కుండానే తనను పట్టుకునే ఉపాయం తనే చెబుతున్నాడంటే ఇందులో ఏదో మతలబు ఉంది. పిండి జల్లితే ఈగలకి ఏమవుతుందో ఎవడికి తెలుసు, ఉన్నవి కూడా చచ్చిపోతే? "నీ కాడ నేర్సుకోవాల్సినంత ఖర్మ నాకు పట్టనేదు" అని తిరిగొచ్చేశాడు. ఆ పిండి ఉపాయాన్ని ఇంట్లో సూరమ్మ ముందు చెప్పి వెక్కిరించాడు.

మర్నాడు పొద్దున్నే వీరేంద్ర ఇంటికి వెళ్లాడు. పెట్టె దోపిడీ సంగతి చెబితే ఆ రైతు ఆవలించాడు. ఈగలు ఈగల్ని దోచుకుంటే అతనికేం పోయింది. అప్పుడు పరదేశి ఇంకో దారి పట్టాడు. అన్ని పెట్టెలు ఒకచోట ఉంటే ఆకలి మీద ఉన్న ఈగలు మనుషుల మీద పడతాయనీ, వరి కోతకొచ్చే కూలీల్ని కుట్టి ఎవరికైనా ప్రాణం మీదకొస్తే జవాబుదారీ పొలం యజమానిదేననీ హిందీలో నెమ్మదిగా, ఒక్కొక్క మాటా మేకు కొట్టినట్టు చెప్పాడు. అది నిజమో కాదో అతనికే సరిగ్గా తెలియదు. వీరేంద్ర ఆవలింత మాత్రం ఆగిపోయింది. అతను వెంటనే ఫోను తీసి, సాయంత్రానికల్లా పెట్టెలన్నీ ఎత్తేయమని యుగంధర్‌కి చెప్పేశాడు.

పరదేశి తృప్తిగా ఇంటికొచ్చాడు. ముందు గేటు తీయగానే అతని కాళ్లు ఆగిపోయాయి. జామచెట్టు కింద తన పెట్టె గుమ్మం మీద తెల్లటి ఈగలు దిగుతున్నాయి. ఒళ్లంతా పిండి పూసుకుని, సున్నంలో పడి లేచినట్టున్న ఈగలు. కాపలావి వాటిని తడిమి, వాసన చూసి, దారి ఇచ్చి లోపలికి పంపుతున్నాయి.

సూరమ్మ పెరటివైపు నుంచి వచ్చింది. చేతిలో పాత చీరముక్కలో కట్టిన బియ్యప్పిండి మూట ఉంది.

"ఏటి సేసినావ్?" అన్నాడు పరదేశి.

"ఆ పిల్లడు సెప్పిందే. నా పెట్టిలోంచి బరువుగా ఎగిరినోటి మీద దులిపినాను. ఇలగొచ్చినాయి."

పరదేశి ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత మూట వైపు, తర్వాత తన పెట్టె వైపు. "నా పెట్టి మీదే దులిపీసి నాతో ఆటలాడతన్నావేటి? ఆడు నీకేటైనా సెప్పి ఎల్లినాడా?"

ఆమె ముఖం మాడిపోయింది. మూట అతని చేతిలో పెట్టి, "నువ్వే దులుపు. నువ్వే సూసుకో" అని ఇంట్లోకి వెళ్లిపోయింది.

పరదేశి పెరట్లోకి వెళ్లి మునగచెట్టు కింద ఆమె పీట మీద కూర్చున్నాడు. ఆ పీట మీద కూర్చోవడం అతనికి అదే మొదటిసారి. గోడెక్కి ఎగరబోతున్న ఈగల మీద మూట దులిపాడు. అవి తెల్లగా లేచి, ఒక చుట్టు తిరిగి, ఇంటి కప్పు మీదుగా ముందు వైపుకి మళ్లాయి. అవతలి గట్టు వైపు ఒక్కటీ పోలేదు. అతను లేచి ఇంటి పక్క సందులోంచి ముందుకి పరిగెత్తాడు. తెల్ల ఈగలు అతని పెట్టె మీద దిగుతున్నాయి. నమ్మలేక మళ్లీ వెనక్కి వెళ్లాడు, మళ్లీ దులిపాడు, మళ్లీ పరిగెత్తాడు. మూటలో పిండి అయిపోయేదాకా అలా చేశాడు. ప్రతిసారీ అదే.

చివరికి ఆయాసపడుతూ జామచెట్టుకి చేరగిలబడ్డాడు. దొంగలు తన సొంతవాళ్లు. తన పెట్టె గుమ్మం ముందు జరిగిన కుస్తీలు నిజాయితీ కాదు, దొంగసొత్తు దాచుకున్నవాడు ఇంకెవరూ రాకుండా చేసే గట్టి కాపలా. సిగ్గుతో అతని చెవులు మండిపోయాయి. సూరమ్మ కిటికీలోంచి చూస్తోందని తెలుసు, అందుకే అటు తల తిప్పలేదు.

మధ్యాహ్నం అన్నం తినకుండా మళ్లీ వీరేంద్ర దగ్గరికి బయలుదేరాడు. తప్పు యుగంధర్‌ది కాదు, తనదే పొరపాటు, కుర్రవాణ్ని పూత అయ్యేదాకా ఉండనివ్వమని అడిగాడు. వీరేంద్ర అతన్ని కిందనుంచి పైదాకా చూశాడు.

"బిహనియా చోర్, సంఝా సాధు?" అన్నాడు. పొద్దున దొంగ, సాయంత్రానికి సాధువా అని. "కా దే దిస్ తోలా?" వాడు నీకేమిచ్చాడు అని కూడా అడిగాడు.

పరదేశికి తల కొట్టేసినట్టయింది. తన మీద అలాంటి అనుమానం ఇన్నేళ్ల నౌకరీలో ఎవరికీ రాలేదు. ఏమీ ఇవ్వలేదని ప్రమాణం చేసినా వీరేంద్ర నవ్వి ఊరుకున్నాడు. కూలీల్ని కుడితే జవాబుదారీ ఎవరిదని పొద్దున నువ్వే కదా అన్నావు, ఆ మాట నిజమైనప్పుడు దొంగ ఎవరైతే నాకేం, పెట్టెలు పోవాల్సిందే అన్నాడు. పొద్దున తను కొట్టిన మేకుల్లో ఒక్కటీ పీకడానికి రాలేదు.

పొద్దు వాలేసరికి అవతలి గట్టున బండి వచ్చి ఆగింది. ఈగలన్నీ గూటికి చేరాక గుమ్మాలు మూసి, యుగంధర్ పెట్టెలు ఒక్కొక్కటే ఎక్కిస్తున్నాడు. పరదేశి వెళ్లి అతని వెనక నిలబడ్డాడు.

"బాబూ, నీ ఈగలు కాదురా. నా పెట్టియే. పిండేసి సూసినాను."

యుగంధర్ వెనక్కి తిరగలేదు. "ఇప్పుడు చెప్పవడ్తివి."

"ఆరంగ్ కాడ మా అచ్చయ్య ఉన్నాడు, నాతో నౌకరీ సేసినోడు. నది ఒడ్డున ఆడికీ రాంతిల్ చేను ఉంది. ఫోన్ సేత్తాను, ఆడికెల్లు."

అప్పుడు తిరిగాడు యుగంధర్. అలసిపోయిన ముఖం అతనిది. "ఎందుకు కాకా? ఆడ నా మీద ఎవర్ని నిఘా పెడదామని? వద్దు. నా తిప్పలు నేను పడ్తా."

పరదేశి ప్రమాణం చేయబోయాడు. మధ్యాహ్నం వీరేంద్ర ముందు చేసిన ప్రమాణం గుర్తొచ్చి ఆగిపోయాడు. జీవితంలో అతను చెప్పిన నిజాల్లో ఇంత ఖరీదైన నిజం ఇంకోటి లేదు, దాన్ని పుచ్చుకునేవాడు మాత్రం ఎవడూ లేడు.

వెనక అడుగుల చప్పుడైంది. సూరమ్మ తన పెట్టెను గుమ్మం మూసి, గుడ్డ చుట్టి, నెత్తి మీద పెట్టుకుని గట్టు వెంట వస్తోంది. ఉత్త పెట్టె కాబట్టి ఆమెకి బరువు కాలేదు.

"బాబూ, దీన్ని కూడా తీసుకెల్లిపో. ఇక్కడుంటే ఆయన పెట్టి దీన్ని బతకనివ్వదు. నీ ఈగల్తో పాటు కాసింత పాకం పొయ్యి. బతికితే బతికింది" అంది.

యుగంధర్ తెల్లబోయాడు. "పెద్దమ్మా, నేను యాడికి పోతున్నదీ నాకే తెల్వదు. మళ్ల ఎప్పుడొస్తనో."

"ఎప్పుడైనా రా. రాకపోతే నీకాడే ఉంచీ."

ఏ ఊరు పోతున్నావు, ఏ చేలో పెడతావు, మళ్లీ ఎప్పుడు తెస్తావు అని పరదేశి నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగపట్టి మింగేశాడు. ఆమె నెత్తి మీంచి పెట్టెను రెండు చేతులతో దించి తనే బండి దగ్గరికి మోసుకెళ్లాడు.

యుగంధర్ దాన్ని వెంటనే పుచ్చుకోలేదు. సెల్‌ఫోన్ వెలుతురు వేసి, మూత కొద్దిగా తీసి లోపలికి చూశాడు. ఒక చట్రాన్ని పైకి లాగి రెండు వైపులా తిప్పి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. రోగమున్న పెట్టెను ఒకటి తన మందలో కలిపితే అన్నీ పోతాయి, ఆ జాగ్రత్త అతనికి తప్పదు. పైగా ఇచ్చింది ఎవరు. అంతసేపూ పరదేశి రెండు చేతులతో ఆ పెట్టెను పట్టుకుని అతని ముందు నిలబడే ఉన్నాడు. ముఖం మండిపోతోంది. ఏం చూస్తున్నావురా, మేమేమైనా విషం పెట్టి పంపుతున్నామా అని అరవాలనిపించింది.

పక్కనున్న సూరమ్మ వైపు వంగి, "సూసినావా, మన మీద శక్ సేస్తన్నాడు" అన్నాడు మెల్లగా.

"సూసుకోనియ్యి. ఆడు ఒక్కసారే గదా సూస్తాడు. పెళ్లైన కాడినుంచి నువ్వు నన్ను సూస్తన్నావ్. నానేటైనా అన్నానేటి?" అంది సూరమ్మ.

యుగంధర్ పెట్టె అందుకుని, తాడు బిగించి, బండి కదిలించుకుని పోయాక, పరదేశి గట్టు వెంట సూరమ్మ వెనక నడిచి ఇంటికి వచ్చాడు.